పేరిందా, పేరుకుందా?

గుంటూరు కుర్రాడు: అవక్షేప శిలల పాఠాన్ని మా సోషల్ మాస్టారు ఒక్క ముక్కలో తేల్చేసేవారు: "ఏరు తెచ్చింది, అడుగున పేరింది, బరువుకి బిగిసింది, రాయయింది." ఆ రెండోది 'పేరింది' అన్నారా, 'పేరుకుంది' అన్నారా? రెండు రోజులుగా ఇదే గోల.

నిఘంటువు పురుగు: పేరుకుందే. దుమ్ము, బాకీలు, ఒండ్రు పేరుకుంటాయి. పేరేది నెయ్యి.

కోనసీమ కోడలు: మా ఇంట్లో నెయ్యి కూడా పేరుకుంటుందండీ!

రిటైర్డు కెమిస్ట్రీ: 'పేరింది' అనే అనుంటారు. బరువొక్కటే చాలదు, రేణువుల సందుల్లో సున్నమో సిలికానో దిగి అతకాలి. ఆ అతుకే పేరడం. నాకు అసలు పేచీ 'అవక్షేపం'తో. మా ల్యాబ్‌లో అదంటే ద్రావణంలోంచి విడిపడి అడుగుకి దిగే పొడి. కొన్ని సున్నపురాళ్ళకి సరే, ఇసుకరాయికి ఎలా? ఇసుక కరగలేదుగా, కొట్టుకొచ్చింది.

సంస్కృతం మాస్టారు: హిందీవాళ్ళు 'అవసాదీ' అన్నారు. 'సద్' అంటే కూర్చోవడం, లాటిన్ 'సెడిమెంట్' మూలమూ అదే. అడుగున కూర్చున్నదాన్ని మనమే 'క్షేప' అని విసిరేశాం.

కోనసీమ కోడలు: తెలుగులో అవసాద శిల అంటే డిప్రెషన్‌లో ఉన్న రాయి అవుతుంది మాస్టారూ.

బేతంచెర్ల వాసి: మాకు నాపరాయి, అంతే. అంచున ఉలి పెట్టి కొడితే పొర లేస్తుంది. గ్రానైటుని అలా లేపండి చూద్దాం. వంటింటి బండ మీద నిమ్మరసం ఒలికితే అక్కడ మెరుపు పోతుంది. సున్నం కదా! మా అమ్మ ఆ మచ్చ మీద ఇరవై ఏళ్ళుగా పీట వేస్తోంది.

పద్యాల పిచ్చి: ఎవరెస్టు కొసన ఉన్నదీ సున్నపురాయే, సముద్రజీవుల శిలాజాలతో సహా. కాలి పసరు కరిగి ప్రవరుడు చిక్కుకుంది ఆ మంచుకొండల్లోనే. ఈ సంగతి తెలిస్తే పెద్దన హిమాలయం మీద ఇంకో సీసం రాసేవాడు.

నిఘంటువు పురుగు: 'ఇంకో' ఏమిటి? 'అటజని కాంచె' చంపకమాల.

పద్యాల పిచ్చి: సీసమూ రాసేవాడు అన్నాను.

గుంటూరు కుర్రాడు: ఇంతకీ 'కు' ఉందా, లేదా?

నిఘంటువు పురుగు: మీ మాస్టారిది ఏ ఊరు?

గుంటూరు కుర్రాడు: పొన్నూరు. అత్తవారిది ఏలూరు.

నిఘంటువు పురుగు: అయితే కష్టం.