సెటిరిజైన్‌లో సగం తీసేసి లెవోసెటిరిజైన్ అంటే అది పరిశోధనేనా?

తుంగభద్ర (కర్నూలు): అలర్జీ మందుల పరిశోధన అనగానే ఫార్మసీ సెమినార్లలో లెవోసెటిరిజైన్‌ను ఘనకార్యంగా చూపిస్తారు. సెటిరిజైన్‌లో అద్దంలో బింబాల్లాంటి రెండు అణురూపాలు, ఆర్, ఎస్, చెరి సగం. పనంతా ఆర్‌దే. ఎస్‌ను తీసేసి, 10 మిల్లీగ్రాముల బదులు 5 ఇచ్చారు. పాత మందుకు కొత్త చొక్కా తొడగడం కాక మరేమిటి?

పెన్నేటి కెమిస్ట్ (అనంతపురం): తీసేయడమంటే నోటితో చెప్పినంత సులువు కాదప్పా. 4-క్లోరోబెంజ్‌హైడ్రిల్ అమీన్‌ను టార్టారిక్ ఆమ్లంతో లవణం చేసి, కావలసిన రూపాన్ని స్ఫటికాలుగా దించాలి. ఎంత జాగ్రత్తగా చేసినా ఈ మెట్టులో దిగుబడి 50 శాతం దాటదు. తర్వాత నైట్రోజన్‌ను కాపాడే టోసిల్ తొడుగుతో పిపరజీన్ వలయం కట్టాలి. ఆ తొడుగును హెచ్‌బీఆర్ (హైడ్రోజన్ బ్రోమైడ్), ఎసిటిక్ ఆమ్లంలో ఊడదీసేటప్పుడే తంటా. రెండు బెంజీన్ వలయాల నడుమనున్న కార్బన్ దగ్గర బంధం తెగితే అణువే విరిగిపోతుంది. రెండు రూపాలను విడదీసి కొలిచే కైరల్ హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో అక్కరలేని రూపం పీక్ హద్దు దాటిందా, బ్యాచ్ అక్కడే ఆగుతుంది. ఇక పని సంగతి: అలర్జీ తెచ్చే హిస్టమిన్ వచ్చి అతుక్కునే హెచ్1 రిసెప్టర్‌ను ఆర్ రూపం సగం వదలడానికి రెండు గంటలకు పైనే పడుతుంది. ఎస్ అయితే ఆరు నిమిషాలే.

ఆదోని: చేయడం కష్టమైతే మందు గొప్పదైపోతుందా అన్నా?

తుంగభద్ర: అదే నేనూ అడిగేది. ఆ రెండు గంటలు గాజు గొట్టంలో లెక్క. 10 మిల్లీగ్రాముల సెటిరిజైన్ మింగినవాడి ఒంట్లోకి ఆ 5 మిల్లీగ్రాముల ఆర్ ఎలాగూ పోతోంది. మెదడులో హెచ్1ను పట్టుకుని మత్తు తెచ్చేది కూడా ప్రధానంగా ఆ ఆర్ రూపమే. మరి రోగికి ఒరిగిందేమిటి?

పెన్నేటి కెమిస్ట్: చిన్న మార్పును చులకన చేయొద్దు. పాత అలర్జీ మందు టెర్ఫెనడైన్ గుండె లయకు కావలసిన హెర్గ్ పొటాషియం చానల్‌ను మూసేది. మామూలుగా కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ దాన్ని వెంటనే మార్చేస్తుంది కాబట్టి బయటపడలేదు. ఆ ఎంజైమ్‌ను ఆపే కీటోకొనజోల్, ఎరిత్రోమైసిన్ లాంటి మందులు తోడైతే మార్చేవాళ్లు లేక రక్తంలో పేరుకుని, గుండె లయ తప్పి ప్రాణాలు పోయాయి. ఒక మిథైల్ ఉన్నచోట కార్బాక్సిలిక్ ఆమ్లం పెడితే ఫెక్సోఫెనడైన్. హెర్గ్ గొడవ లేదు, మెదడులోకీ దాదాపు పోదు. 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది.

తుంగభద్ర: ఆ ఆమ్లం పెట్టింది కాలేయం! హైడ్రాక్సీజైన్‌ను సెటిరిజైన్‌గా మార్చిందీ అదే. శోధన కాలేయానిది, పేటెంట్ కంపెనీది.

పెన్నేటి కెమిస్ట్: మందును మార్చి కాలేయం చేసే పదార్థాల్లో (మెటబొలైట్లలో) ఏది మందో, ఏది విషమో కాలేయం చెప్తుందా? విడదీసి, తయారుచేసి, హెర్గ్ మీద పరీక్షించాలి. ఎగతాళికి వచ్చినంత తేలిగ్గా రాదు సార్ అది.

నల్లమల: ఇద్దరూ కొంచెం నీళ్లు తాగండి.

కడప మందులకొట్టు: మీరిద్దరూ హిస్టమిన్ దగ్గరే కొట్టుకుంటున్నారు. వానలు పడి వయ్యారిభామ పూతకొస్తే తుమ్ములు, దురద, నీళ్లు కారడం వరకు సెటిరిజైన్ ఆపుతుంది. ముక్కు దిబ్బడ ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) వల్ల, దానికి అంతగా లొంగదు. అప్పుడేం రాస్తున్నారు? లెవోసెటిరిజైన్, మాంటెలుకాస్ట్ కలిపిన బిళ్ల. పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020లో అమెరికా ఎఫ్‌డీఏ మాంటెలుకాస్ట్‌కు అన్నిటికంటే గట్టిదైన పెట్టె హెచ్చరిక పెట్టింది. మామూలు ముక్కు అలర్జీకి వేరే మందులు పనిచేయకపోతేనే ఇమ్మంది. ఇక్కడ మొదటి రోజే ఇస్తున్నారు.

తుంగభద్ర: నా కడుపుమంట అదే సార్. సగం తీసిన బిళ్ల, దానికి జతగా ఇంకో బిళ్ల. దిబ్బడకు పనికొచ్చే స్టెరాయిడ్ స్ప్రే ఊసెత్తరు.

పెన్నేటి కెమిస్ట్: ఈ మాట మొదట్లోనే అనాల్సింది. డాక్టరు చీటీ తప్పును కెమిస్ట్ నెత్తిన రుద్దితే ఎట్లా? ఆ స్ప్రేలోని ఫ్లూటికాసోన్ కూడా మావాళ్ల పనే. 17వ కార్బన్ మీద గంధకం ఉన్న థయోఎస్టర్ బంధం పెట్టారు. గొంతులోకి జారి మింగినదాన్ని కాలేయం తెంపి, పనిచేయని ఆమ్లంగా మార్చేస్తుంది. మింగినదాంట్లో నూటికి ఒక వంతు కూడా రక్తానికి చేరదు. మందు ముక్కులోనే పనిచేసి ఊరుకోవాలని గీసిన అణువు అది.

తుంగభద్ర: దాన్ని పరిశోధన అంటా. సగం తీసినదాన్ని అనను.

ఆదోని: స్ప్రే కొడితే రక్తం వస్తుందని జనం మానేస్తున్నారు కదా. జిన్నింగ్ మిల్లుల వాళ్లకూ ఇదే వాడొచ్చా?

కడప మందులకొట్టు: నడిమి గోడ మీద కొట్టడం వల్ల రక్తం. సీసా ఊపి, తల కొంచెం ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, మొన చెవివైపు తిప్పి కొట్టాలి. గట్టిగా ఎగపీల్చకూడదు, పీలిస్తే మందు గొంతులోకి పోతుంది. పెద్దవాళ్లకు రోజుకోసారి, ఒక్కో ముక్కులో రెండేసి, ఒక్కోటి 50 మైక్రోగ్రాములు. 120 స్ప్రేల సీసా నెల వస్తుంది. పూర్తి గుణం కొన్ని రోజులకు గానీ తెలియదు, రెండో రోజే పారేయొద్దు. మిల్లువాళ్లకు సెలవు తర్వాత సోమవారం ఛాతీ బిగిస్తుంటే అది దూది దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ కావచ్చు. దానికి ఈ స్ప్రే కాదు, ఆ బిళ్లా కాదు. ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించమనండి.