నాలుగు గంటల పెళ్లి ఒక్క డీవీడీలో పడుతుందా?

కడప కెమెరా:
ఎడిట్ చేశాక పెళ్లి సరిగ్గా నాలుగు గంటలు వచ్చింది. పెళ్లికూతురి తండ్రి ఒక్క డిస్కులోనే ఇమ్మంటున్నారు, రెండోది మార్చడం వాళ్ల అమ్మగారికి రాదట. మామూలు 4.7 జీబీ డిస్కు. రెండు చేసి ఇవ్వాలని నాకుంది. ఏమంటారు?

అనంతపురం ఎడిటర్:
ఒక్కటే ఇవ్వండి అన్నా. నేను నాలుగున్నర గంటలు కూడా ఎక్కించాను. ఒక్కరూ వెనక్కి తేలేదు.

కర్నూలు లెక్కల మాస్టారు:
ఎక్కించారు సరే, కూర్చుని చూశారా? బైటుకు ఎనిమిది బిట్లు, కాబట్టి 470 కోట్ల బైట్లంటే 3,760 కోట్ల బిట్లు. నాలుగు గంటలంటే 14,400 సెకన్లు. భాగిస్తే సెకనుకు 26 లక్షల బిట్లు, అదీ శబ్దంతో కలిపి. ఇవి తగ్గేకొద్దీ బొమ్మ చెడుతుంది. రెండు గంటలకైతే 52 లక్షలు వచ్చేవి. నాదస్వరాన్ని పీసీఎంలో, అంటే శబ్దాన్ని కుదించకుండా ఉంచితే దానికే 15 లక్షలు పోయి బొమ్మకు 11 లక్షలు మిగులుతాయి. పాత వీసీడీకే 11.5 లక్షలు ఉండేవి, దాని బొమ్మ సైజు డీవీడీ బొమ్మలో నాలుగో వంతే!

అనంతపురం ఎడిటర్:
పీసీఎం ఎవరు పెట్టమన్నారు మాస్టారూ? శబ్దాన్ని కుదించే డాల్బీలో సెకనుకు 192 కిలోబిట్లు (1.92 లక్షల బిట్లు) చాలు, బొమ్మకు 24 లక్షలు మిగులుతాయి. పైగా రెండు విడతల ఎన్‌కోడింగ్ ఉంది, మొదటి విడతలో వీడియో అంతా చూసుకుని రెండో విడతలో కుదిస్తుంది. పీటల మీద కదలకుండా కూర్చున్న పెళ్లికొడుక్కి తక్కువ, సందడికి ఎక్కువ బిట్లు అదే పంచుతుంది.

కడప కెమెరా:
అలాగే చేసి చూశాను. పీటల మీద బాగానే ఉంది. తలంబ్రాల దగ్గర బియ్యపు గింజలన్నీ కలిసిపోయి పసుపు గళ్లయ్యాయి, పెళ్లికూతురి నవ్వు గళ్ల వెనక ఎక్కడో ఉంది. ఇంకో మాట, 4.7 అని అమ్మిన డిస్కు కంప్యూటర్లో 4.38 అంటోంది. దుకాణంవాడు మోసం చేశాడా?

కర్నూలు లెక్కల మాస్టారు:
మోసం లేదు. డిస్కు చేసేవాళ్లు వెయ్యి లెక్కన, కంప్యూటర్ 1,024 లెక్కన చెబుతారు. బైట్లు అవే. 8.5 జీబీ రెండు పొరల డిస్కు వాడవచ్చుగా?

కడప కెమెరా:
మా దగ్గర కాల్చిచ్చిన రెండు పొరల డిస్కు పాత ప్లేయర్లలో పొర మారేచోట మొరాయించింది. ఆ అవ్వగారి ప్లేయర్ ఎంత పాతదో!

అనంతపురం ఎడిటర్:
అయితే భోజనాల పంక్తి నలభై నిమిషాలూ తీసేయండి. సెకనుకు 31 లక్షలొస్తాయి.

కడప కెమెరా:
బంధువులు డిస్కు అడిగేదే ఆ పంక్తిలో తమ ముఖం కోసం! మాంగల్యధారణ దాకా ఒకటి, మిగతాది ఒకటి చేస్తున్నాను. మొదటిది నేనే ప్లేయర్లో పెట్టి వస్తాను.