డీగో గార్సియా: అద్దె పుచ్చుకుంటే హక్కు దక్కినట్టేనా?

అలిపిరి మెట్టు:
హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులు మారిషస్‌వేనని ఒప్పుకుంటూ, వాటిలో ఒకటైన డీగో గార్సియాలో అమెరికాతో కలిసి నడిపే సైనిక స్థావరాన్ని మాత్రం 99 ఏళ్లు అట్టిపెట్టుకునేలా బ్రిటన్ 2025 మే 22న సంతకం చేసింది. అద్దె ఏడాదికి సగటున 10.1 కోట్ల పౌండ్లు. 2022లో మొదలైన బేరం 2024 అక్టోబరులో కుదిరిందన్నారు. మరుసటి నెలే మారిషస్‌లో ప్రభుత్వం మారింది, కొత్త ప్రధాని రామ్‌గులాం కథను మళ్లీ మొదటికి తెచ్చారు. సంతకాలయ్యాక కూడా బ్రిటన్‌లో ఆమోదం దగ్గర చిక్కులే. నా లెక్కలో మారిషస్ గెలిచింది. అద్దె పుచ్చుకునేవాడే యజమాని. కాదంటారా?

చిత్తూరు మామిడి:
కాదంటాను అన్నా. గడప తొక్కనివ్వని ఇంటికి పట్టా ఉంటే ఏమి, లేకుంటే ఏమి? 1965లో బ్రిటన్ 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టి, అప్పటికి తన వలసగా ఉన్న మారిషస్ నుంచి ఆ దీవులను విడదీసింది. అది చట్టబద్ధంగా జరగలేదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానమే అభిప్రాయపడింది. అంత బలం ఉండి మారిషస్ అద్దెకివ్వడమెందుకు? ఫిలిప్పీన్స్ సెనేట్ 1991లో 12–11 ఓట్లతో, సుబిక్ బేలోని అమెరికా నౌకాదళ స్థావరాన్ని కొనసాగించే ఒప్పందాన్ని తోసిపుచ్చింది. మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం మూటాముల్లె సర్దుకుంది.

అలిపిరి మెట్టు:
మిగతా సగం ఎందుకు దాచావు తమ్ముడూ? 1995లో చైనా, ఫిలిప్పీన్స్ తనదనే మిస్చీఫ్ రీఫ్‌లో పాగా వేసింది. 2014లో ఫిలిప్పీన్సే అమెరికా సైన్యానికి మళ్లీ తలుపు తీసింది.

కొర్లగుంట:
మారిషస్‌కే చెందిన అగలేగా దీవుల్లో మనమూ రన్‌వే, జెట్టీ కట్టించాం, 2024లో ప్రారంభించాం. స్థావరం కాదని మారిషస్ అంటోంది, సరే. బ్రిటన్‌కు నీతులు చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గిద్దాం.

సూళ్లూరుపేట మేష్టారు:
అద్దె ఎంత, చైనా ఎక్కడ అంటున్నారే గానీ, అక్కడ మనుషులుండేవారన్న మాట ఒక్కరి నోటా రాలేదు. కొబ్బరి తోటల్లో బతికే 1,500 మందికి పైగా జనాన్ని 1973 నాటికి ఓడలెక్కించి మారిషస్, సీషెల్స్‌లలో దించేశారు. వారి కుక్కలను చంపించారు. మన శ్రీహరికోటలోనూ రాకెట్ కేంద్రం కోసం యానాదులను కదిలించారు. దేశం మనదే, అవసరమూ మనదే, ఆ తేడా నాకు తెలుసు. నేను పనిచేసిన బడికి మనవణ్ణి దింపడానికి ఒక అవ్వ వచ్చేది. అరుగు పక్కన మట్టిలో వేలితో గీసి చూపేది: ఇక్కడ మడుగు, ఇక్కడ ఈత చెట్టు, ఇది మా గుడిసె. రాకెట్ లేస్తే పిల్లలతోపాటు తనూ చప్పట్లు కొట్టేది. ఒప్పందంలో చాగోస్ వారికి 4 కోట్ల పౌండ్ల నిధి పెట్టారు. మిగతా దీవులకు పంపే వీలుంది, డీగో గార్సియాకు మాత్రం లేదు. బేరం రెండు ప్రభుత్వాల మధ్యే సాగింది, వారికి కుర్చీ వేయలేదు.

చిత్తూరు మామిడి:
నిజమే మేష్టారూ. సంతకం రోజు తెల్లవారకముందే ఇద్దరు చాగోస్ మహిళలు లండన్ హైకోర్టులో నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకున్నారు. కొన్ని గంటల్లోనే దాన్ని ఎత్తేశారు. ఇద్దరూ డీగో గార్సియాలో పుట్టినవారే.

అలిపిరి మెట్టు:
ఆ కేసు సంగతి నాకు తెలియదు. అయినా నా మాట మార్చను: స్థావరం ఎత్తేయాల్సిందేనని మారిషస్ భీష్మించుకుంటే కాగితం మీది హక్కు కూడా దక్కేది కాదు. మేష్టారి అవ్వకు మాత్రం ఏం చెప్పాలో తోచడం లేదు.