24 వోల్టుల లారీకి హైబీమ్‌తో కలిపి ఫోకస్ లైట్లు: ఎవరు ఎలా కట్టించారు?

గట్టురోడ్డు
అందరికీ నమస్కారమండి. మాది పది టైర్ల లారీ, బీఎస్-4 (పాత కాలుష్య ప్రమాణాల బండి). రావులపాలెంలో అరటి ఎత్తుకుని రాత్రిళ్లు ఒడిశా వైపు వెళ్తుంది. హైవే మీద ఇబ్బంది లేదు. లోడు కోసం లంకల్లోకి, కాలువ గట్ల మీదకి దిగినప్పుడే గట్టు అంచు ఎక్కడుందో తెలియక టెన్షన్. గుండ్రటి ఫోకస్ లైట్లు ఒక జత తెచ్చాను. 24 వోల్టులు, 70 వాట్లు, హెచ్-3 బల్బులు. బ్రైట్ (హైబీమ్) వేస్తేనే వెలగాలి, డిప్పర్ కొడితే (లైటు కిందికి దించితే) వాటంతటవే ఆరాలి. రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) సిగ్నల్ ఎక్కడి నుంచి తీసుకోవాలి? బ్యాటరీ వైరు ఛాసిస్ మీద ఏ దారిన తేవాలి? డాష్ మీద వేరే స్విచ్ కూడా పెట్టించాలా? చేసినవాళ్లు చెప్పండి.

రొయ్యలబండి
రిలే సంగతి తర్వాత. ముందు ఏ వైరు, ఏ జాయింటు వేస్తున్నారో చూసుకోండి. మాది ఆకివీడు లోడు. పెట్టెల్లోంచి ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు కారుతూనే ఉంటాయి. ఎలక్ట్రీషియన్ తీగలు మెలేసి నల్ల టేపు చుట్టి పంపిస్తాడు. వానాకాలం దాటాక ఆ టేపు విప్పి చూడండి, రాగి పచ్చబడి వేలు తగిలితే పొడిలా రాలుతుంది. తీగ ఇంకా అతుక్కునే ఉంటుంది కాబట్టి లైటు పూర్తిగా ఆరదు, ఎర్రగా గుడ్డిగా వెలుగుతుంది. బల్బు పోయిందనుకుని బల్బులు మారుస్తూ కూర్చుంటాం. తీగ కొసలకి లగ్గులు (లోహపు తొడుగులు) పెట్టి గట్టిగా నొక్కించి క్రింప్ చేయించండి, దాని మీద హీట్ స్లీవ్ వేయించండి. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకి, బిగించాక గ్రీజు రాయండి. ఉప్పు గాలి తగిలే ఊళ్లలో తిరిగే బండికి ఇదే ప్రాణం.

తీగలమేస్త్రి
తణుకు వైపు లారీలకీ బస్సులకీ కరెంటు పని చేసేవాణ్ణి, చిన్నప్పటి నుంచీ ఇదే వృత్తి. గట్టురోడ్డు గారూ, నాలుగు కాళ్ల రిలే తీసుకోండి. మీద 24 వోల్టులు అని రాసుందో లేదో మీ కళ్లతో చూసి కొనండి. కార్లకి అమ్మే 12 వోల్టుల రిలే పెడితే కాయిల్ కాలిపోతుంది. 30 నంబరు కాలికి బ్యాటరీ ప్లస్, మధ్యలో ఫ్యూజు. 87 నుంచి లైట్లకి. 86కి హెడ్‌లైట్ హైబీమ్ వైరు నుంచి సన్న తీగ, 85కి ఎర్త్.

రెండు 70 వాట్ల బల్బులు కలిసి దాదాపు 6 ఆంపియర్లు లాగుతాయి. 10 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. దాన్ని లైట్ల దగ్గర పెడితే, మధ్యలో తీగ ఛాసిస్‌కి రాసుకుని షార్ట్ అయినప్పుడు ఫ్యూజు పోదు, తీగే తగలబడుతుంది.

రిలే లేకుండా హైబీమ్ వైరుకే లైట్లు తగిలించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హెడ్‌లైట్లు రెండూ 75 వాట్లే అనుకున్నా అప్పటికే 6 ఆంపియర్లు పైచిలుకు. ఇంకో 6 అదే దారిన పంపితే స్టీరింగ్ కింద కాంబినేషన్ స్విచ్‌లో పాయింట్లు మాడిపోతాయి. ఆ స్విచ్ పోయిందంటే ఫోకస్ లైట్లే కాదు, హెడ్‌లైట్లూ పోతాయి. అర్ధరాత్రి గట్టు మీద ఆ పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఐదు కాళ్ల రిలే ఇస్తే మధ్య కాలు 87ఎ అవునో కాదో చూడండి. రిలే పడుకున్నప్పుడు (కాయిల్‌కి కరెంటు లేనప్పుడు) కరెంటు ఆ కాలికి వస్తుంది. లైట్లు దానికి కలిపితే బండి ఆపి పడుకున్నా వెలుగుతూనే ఉంటాయి.

మండపేట ఓనర్
ఇంత హడావుడి ఎందుకండి? 24 వోల్టుల లైట్లు ఖరీదు, మన ఊళ్లలో సరిగ్గా దొరకవు కూడా. రెండు బ్యాటరీలు ఉంటాయి కదా, కింది (ఎర్త్ వైపు) బ్యాటరీ మీంచి 12 వోల్టులు తీసి, 12 వోల్టుల 55 వాట్ల జత పెట్టించా. మా ధాన్యం బళ్లన్నిటికీ ఇదే పద్ధతి. బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి.

తీగలమేస్త్రి
ఓనరు గారూ, అది చేయకూడని పని. చదివి ఇంకెవరైనా చేస్తారని భయమేసి రాస్తున్నా. రెండు బ్యాటరీలూ వరసలో (సిరీస్‌లో) ఉంటాయి. ఆల్టర్నేటర్ చూసేది మొత్తం 28 వోల్టులనే. ఏ బ్యాటరీకి ఎంత చేరిందో దానికి తెలియదు. మీరు కింది దాన్లోంచి 9 ఆంపియర్లు లాగుతున్నారు. అది ఎప్పుడూ అరకడుపుతో ఉంటుంది, పైది మోతాదు మించి ఛార్జయి నీళ్లు మరిగిపోతాయి. కొన్నాళ్లకి ఒకటి ఎండిపోతుంది, ఒకటి చచ్చిపోతుంది.

మండపేట ఓనర్
టేప్ రికార్డరుకి అందరూ ఒకే బ్యాటరీ మీంచే తీస్తారు. ఊళ్లో ఒక్క బండి చూపించండి అలా లేనిది. పుస్తకం చూసి చెప్పడం వేరు, నడపడం వేరు.

తీగలమేస్త్రి
నేను పుస్తకం చూసి చెప్పట్లేదు, రోజూ బ్యాటరీలు విప్పి చూసి చెబుతున్నా. పాటలు పెట్టుకుంటే ఒకటో రెండో ఆంపియర్లు. లైట్లు తొమ్మిది, అదీ రాత్రంతా. రెంటికీ పోలికే లేదు. మీ బండి ఆపి రెండు బ్యాటరీల మీదా విడివిడిగా మీటరు పెట్టించండి. తేడా కనబడకపోతే అప్పుడు మాట్లాడండి.

మండపేట ఓనర్
మాట మర్యాదగా రానివ్వండి. నేను మీ దగ్గరికి పనికి రాలేదు. నా బళ్లు, నా డబ్బు, నా అనుభవం. ఇక్కడ రాయడానికి మీ అనుమతి అక్కర్లేదు.

పాలకొల్లు డ్రైవర్
మీటరు అక్కర్లేదు గానీ ఒక్క మాట. నేను జీతానికి నడిపే బండిలో ఓనరు ఇలాగే కట్టించాడు. తెల్లవారుజామున సిద్ధాంతం వంతెన దాటి టీ కోసం ఆపితే మళ్లీ స్టార్ట్ కాలేదు. స్టార్టరు మూలిగి ఆగిపోయింది. చేపల లోడు, వెనక ఐసు కరుగుతోంది. తోసే మనుషుల కోసం నేనూ క్లీనరూ రోడ్డు మీద పడి తిరిగాం. ఆలస్యానికి నా జీతంలోనే కోత పెట్టారు. ఓనరుకి బ్యాటరీ ఖర్చే కనబడుతుంది, దారిలో పడే పాట్లు డ్రైవరువి. అందుకే మేస్త్రి గారు చెప్పింది నిజమంటాను.

కడియం మొక్కలు
12 వోల్టుల జత ఇప్పటికే కొనేస్తే రెంటినీ సిరీస్‌లో కలిపి 24కి పెట్టొచ్చు కదా? రెండూ ఒకే వాట్లయితే చెరి 12 పంచుకుంటాయి.

తీగలమేస్త్రి
పెట్టొచ్చు. కానీ ఒక బల్బు పోతే రెండోదీ ఆరుతుంది. మలుపులో రెండూ ఒకేసారి ఆరితే ఏం చేస్తారు? ఎల్‌ఈడీలయితే అసలు అలా కలపకండి, సమానంగా పంచుకోవు. 12 వోల్టులే కావాలంటే 24 నుంచి 12 చేసే కన్వర్టర్ దొరుకుతుంది. 110 వాట్లకి 9 ఆంపియర్ల పైన పోతుంది కాబట్టి 15 ఆంపియర్లు నికరంగా ఇచ్చేది చూసుకోండి. దానికయ్యే ఖర్చుతో 24 వోల్టుల లైట్లే వస్తాయి, అది వేరే విషయం.

దాళ్వా రైతు
మీరంతా బండిలో కూర్చుని మాట్లాడుతున్నారు. ఎదురుగా వచ్చేవాడి సంగతి ఎవరైనా ఆలోచిస్తున్నారా? నేను రోజూ పొలం నుంచి టీవీఎస్ మీద గట్టు మీదుగా ఇంటికొస్తా. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పంట బోదె (పొలానికి నీళ్లు పారే చిన్న కాలువ). ఎదురుగా ఈ ఫోకస్ లైట్ల బండి వస్తే కళ్లు బైర్లు కమ్మి ముందు చక్రం కూడా కనబడదు. బండి ఆపి, దిగి, హ్యాండిల్ పట్టుకుని నిలబడతాను. మా వీధిలో ఒకాయన ఇలాగే కాలువలోకి పోయాడు, నీళ్లు తక్కువగా ఉండబట్టి ప్రాణం దక్కింది. దయచేసి డిప్పర్ కొట్టండి బాబూ.

రొయ్యలబండి
రైతు గారూ, మీ బాధ అర్థమైంది. మరి మా బాధా వినండి. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. రాత్రికి పోగు చేసి బరకం (టార్పాలిన్) కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల బరకం, నల్ల తారు. దగ్గరికి వచ్చేదాకా ఏమీ తెలియదు. మేం ఈ లైట్లు పెట్టించుకునేదే వాటి కోసం. ఒక్క ఎర్ర గుడ్డ కట్టినా, రేడియం స్టిక్కరు అంటించినా మాకు ఇవేవీ అక్కర్లేదు.

దాళ్వా రైతు
కళ్లం ఎక్కడుందండి మాకు? ఉన్న చోటల్లా చెరువులు తవ్వేశారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆరబెట్టకుండా ఏం చేయమంటారు? రాళ్లు పెట్టడం తప్పే, మా పిల్లలకీ చెబుతున్నా. కానీ ఆ మాటతో లైట్ల సంగతి దాటేయకండి.

గట్టురోడ్డు
అందుకేనండి డిప్పర్‌తో పాటు ఆరిపోవాలని అడుగుతున్నా. బ్యాటరీ నుంచి వైరు ఏ దారిన తేవాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

చించినాడ
నాది వేరే గోల. ఫోకస్ లైట్లు కట్టించా. డిప్‌లో ఉంటే వెలుగుతున్నాయి, బ్రైట్ వేయగానే ఆరిపోతున్నాయి. పూర్తిగా తిరగబడింది. రెండు షాపుల్లో చూపించా. ఇద్దరూ రిలే మార్చి డబ్బులు తీసుకున్నారు. మళ్లీ అదే. ఒళ్లు మండిపోతోంది.

కడియం మొక్కలు
చించినాడ గారూ, రిలే తప్పు కాదది. మీ బండిలో హెడ్‌లైటుకి ప్లస్ ఎప్పుడూ ఉండి, స్విచ్ ఎర్త్ వైపు కలుపుతోంది. కొన్ని బళ్లలో అంతే. డిప్‌లో ఉన్నప్పుడు హైబీమ్ వైరుకి బల్బు ఫిలమెంటు గుండా ప్లస్ వచ్చి కూర్చుంటుంది. రిలే కాయిల్‌కి ఆ కాస్త చాలు, పట్టేస్తుంది. బ్రైట్ వేస్తే ఆ వైరు ఎర్త్ అయిపోయి రిలే వదిలేస్తుంది. 85ని బాడీ ఎర్త్ నుంచి తీసి హైబీమ్ వైరుకి కలపండి, 86కి హెడ్‌లైట్ ప్లస్ ఇవ్వండి. సరిపోతుంది. గట్టురోడ్డు గారు కూడా వైరు కోసే ముందు హైబీమ్ వేసి టెస్ట్ ల్యాంపుతో చూసుకోవాలి, ఆ తీగలోకి ప్లస్ వస్తోందా, ఎర్త్ వస్తోందా అని.

చించినాడ
చేయించానండి. పనిచేస్తోంది! బ్రైట్ వేస్తే వెలిగాయి, డిప్ కొడితే ఆరాయి. రెండు షాపులవాళ్లకీ తెలియని ముక్క ఇక్కడ దొరికింది. చాలా థ్యాంక్సండి.

తీగలమేస్త్రి
ఆ మాట నేనూ చెప్పేవాణ్ణే, బ్యాటరీ గొడవలో పడిపోయింది. ఒకటి కలుపుతా: కొన్ని రిలేల లోపల కరెంటుని ఒక వైపే పోనిచ్చే డయోడ్ ఉంటుంది. వాటిలో 86కే ప్లస్, 85కే మైనస్ ఇవ్వాలి. తిరగేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. రిలే మీద బొమ్మ గీసి ఉంటుంది, చూడండి.

పాలకొల్లు డ్రైవర్
పోలీసుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయలు రాయొచ్చు, జైలు మాట కూడా ఉంది అందులో. కేంద్ర నిబంధనల్లో 111వది ముందు వైపు స్పాట్ లైటు, సెర్చ్ లైటు కూడదంటుంది, రిజిస్ట్రేషన్ అధికారి ముందే అనుమతిస్తే తప్ప. చెక్‌పోస్టులో ఆపినప్పుడు కేబిన్‌లో ఉండేది ఓనరు కాదు, మేము. కట్టించే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి రాయించుకోండి. డాష్ స్విచ్ అడిగారు కదా, తప్పకుండా పెట్టించండి. హైవే మీద దాన్ని ఆఫ్‌లో ఉంచితే బ్రైట్ వేసినా ఫోకస్ వెలగదు.

మండపేట ఓనర్
కొత్తగా తీసుకున్న బీఎస్-6 బండికి లైట్లు కట్టిస్తే డాష్ మీద లైటు ఫాల్ట్ అని ఎర్ర గుర్తు వచ్చింది. హార్నెస్ (బండి తీగల కట్ట) కోశారు కాబట్టి కరెంటు భాగాలకి వారంటీ రాదని షోరూమువాళ్లు అన్నారు. లక్షలు పోసి కొన్న బండికి రెండు లైట్లు పెట్టుకునే హక్కు లేదా మనకి?

కడియం మొక్కలు
కొత్త బళ్లలో హెడ్‌లైటుకి ఎంత కరెంటు పోతోందో కంప్యూటరు చూస్తూ ఉంటుంది. మధ్యలో రిలే కాయిల్ చేరితే లెక్క తప్పుతుంది. బీఎస్-4 వరకు ఈ తలనొప్పి తక్కువ. కొత్త బండికయితే వైరు కోయకుండా కంపెనీవాళ్లే ఇచ్చే అదనపు సాకెట్ ఉందేమో ముందు అడగండి.

రొయ్యలబండి
గట్టురోడ్డు గారూ, దారి అడిగారు కదా. ఛాసిస్ లోపలి వైపు ఫ్యాక్టరీ హార్నెస్ వెళ్లే దారినే ముడతల పైపులో వేసుకుని తీసుకెళ్లండి. సైలెన్సర్ వైపు వద్దు. మూరెడుకి ఒక టై బిగించండి. కేబిన్ లేచే చోట తీగ కాస్త వదులుగా వదలండి, లేకపోతే కేబిన్ ఎత్తగానే తెగుతుంది.

దాళ్వా రైతు
సంక్రాంతి ముందు పొగమంచులో కూడా ఈ ఫోకస్‌లు వేసుకుని వస్తున్నారు. దానివల్ల మీకే కనబడదు కదా?

తీగలమేస్త్రి
నిజమేనండి. మంచులో హైబీమ్ వేస్తే వెలుగంతా తిరిగి మన కళ్లలోకే వస్తుంది, ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. అక్కడ డిప్, బంపరు కింద ఫాగ్ లైట్లు, నెమ్మదిగా పోవడం, అంతే.

రొయ్యలబండి
పసుపు బల్బు పెడితే మంచు చీల్చుకుని పోతుందంటారు, కైకలూరు వైపు అందరూ అవే వేస్తున్నారు.

తీగలమేస్త్రి
రంగు వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. లైటు ఎంత కిందుంది, వెలుగు పైకి ఎగరకుండా అడ్డంగా కోసినట్టు పడుతోందా లేదా, అదీ చూడాల్సింది. పసుపు కాగితం అంటించిన ఫోకస్ లైటు ఫాగ్ లైటు అయిపోదు.

రొయ్యలబండి
మాకు పసుపే బాగుంది. తెల్లదానికి కళ్లు లాగేస్తాయి, దీనికి లాగవు. రాత్రంతా నడిపే మాకు అది చిన్న విషయం కాదు.