హాంకాంగ్‌లో వాంగ్ తాయ్ సిన్ నుంచి షింగ్ మున్ కొండ దాకా: నాన్నతో నడవొచ్చా?

హాంకాంగ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు కాస్త సలహా ఇవ్వండి. వచ్చే నెల నాన్నగారు వస్తున్నారు. ఆయన రిటైర్డ్ ఫౌజీ. 1941 డిసెంబరులో జపాన్ సేనలను ఎదుర్కొన్నవాళ్లలో మన రాజ్‌పుత్, పంజాబ్ రెజిమెంట్ల జవాన్లూ ఉన్నారు కదా, ఆ కొండలు ఒక్కసారి చూడాలని ఆయన కోరిక.

వాంగ్ తాయ్ సిన్ గుడిలో దణ్ణం పెట్టుకుని, షాటిన్ పాస్ రోడ్డెక్కి, దారిలో క్వున్ యామ్ గుడి చూసి, మెక్‌లెహోస్ ట్రయల్ (కొండల మీదుగా సాగే పొడవాటి కాలిబాట) పట్టుకుందామని నా ప్లాన్. అక్కడి నుంచి లయన్ రాక్ పక్కగా తాయ్ పో రోడ్డుకి, ఆపైన ఆ కాలిబాట ఆరో భాగంలో షింగ్ మున్ రిడౌట్‌కి (బ్రిటిష్‌వాళ్లు కట్టిన పాత సైనిక స్థావరం). లండన్ వీధుల పేర్లు పెట్టిన ఆ కందకాలు, సొరంగాలు నాన్నకి తప్పక చూపించాలి.

ఆయనకి 66 ఏళ్లు. రోజూ నడుస్తారు కానీ మెట్లు దిగితే మోకాళ్లు నొప్పి. ఇదంతా ఒక్క రోజులో అవుతుందా, లేక గుళ్లు ఒక రోజు, రిడౌట్ ఇంకో రోజు పెట్టుకోనా? టార్చి ఉంటే సొరంగాల్లోకి పెద్దవాళ్లు దిగగలరా? దారిలో వచ్చే కామ్ షాన్ పార్కు దగ్గర కోతులంటే నాకు చాలా టెన్షన్, తిండి సంచీ ఎలా తీసుకెళ్తారు? మధ్యలో అలిసిపోతే బస్సు ఎక్కడ దొరుకుతుంది?