కొబ్బరి చెట్టు మీద నుంచి పడి ఎల్‌1 పూస (నడుములో మొదటి వెన్నుపూస) చితికింది, స్క్రూలు తప్పవా?

కవిటి కుర్రోడు: మా బావ కొబ్బరికాయలు దింపుతూ జారి పిరుదుల మీద పడ్డాడు. సీటీ తీస్తే ఎల్‌1 బరస్ట్, అంటే పూస నలిగి ముక్కలై పక్కలకి జరిగింది అన్నారు. కాళ్లు బాగా ఆడుతున్నాయి, మూత్రం మామూలుగానే వస్తోంది. శ్రీకాకుళంలో ఒక డాక్టరు గారు స్క్రూలు వేయాలన్నారు, విశాఖలో ఇంకొకరు బెల్టు చాలన్నారు. ఏటి చెయ్యాలి? ఇంట్లో అందరికీ టెన్షన్.

పలాస జీడిపప్పు: ఆలోచించకుండా ఆపరేషన్ చేయించీండి. పూస ముక్క వెనక్కి జరిగి నరాన్ని నొక్కేస్తే తర్వాత ఏడ్చి లాభం లేదు. మా ఊళ్లో ఒకాయన స్క్రూలు వేయించుకుని మూడో రోజే నడిచాడు.

గజపతినగరం ఫిజియో: బెల్టు వేసిన వాళ్లనీ కొద్ది రోజుల్లోనే లేపి నడిపిస్తాం కదండీ, నెలల తరబడి మంచం మీద ఉంచే రోజులు పోయాయి. కాళ్లలో బలం తగ్గకపోతే, నరాలుండే వెన్ను కాలువలోకి వచ్చిన ముక్క కూడా చాలామందిలో నెమ్మదిగా అరిగిపోతుంది. అసలు చూడాల్సింది పూస వెనకున్న లిగమెంట్లు (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు) తెగాయా లేదా అన్నది, అది సీటీలో సరిగా తెలీదు, ఎమ్మారై కావాలి. వెన్ను దెబ్బ ఎంత తీవ్రమో చూడ్డానికి డాక్టర్లు వాడే టీఎల్‌ఐసీఎస్ పాయింట్ల లెక్కలో బరస్ట్‌కి 2 పాయింట్లు, నరాలు బాగుంటే 0, లిగమెంట్లు తెగితే ఇంకో 3. మొత్తం 3 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే బెల్టు, 5 దాటినా 5 ఉన్నా ఆపరేషన్, 4 వస్తే డాక్టరు ఇష్టం. మీకు ఇద్దరు రెండు మాటలు చెప్పారంటే లిగమెంట్ల సంగతి ఇంకా తేలలేదేమో.

పలాస జీడిపప్పు: పాయింట్లు సరే, బావ మళ్లీ చెట్టెక్కాలి కదా?

గజపతినగరం ఫిజియో: స్క్రూలు వేసినా ఎముక అతకడానికి మూడు నెలలు పడుతుంది, ఈలోగా చెట్టెక్కనివ్వరు. నరాలు దెబ్బతినని బరస్ట్‌ల మీద అమెరికాలో చేసిన పరిశోధన 2003లో వచ్చింది, ఆపరేషన్ వల్ల పెద్ద లాభం కనపడలేదు. వాళ్లనే పదహారేళ్లు దాటాక మళ్లీ చూస్తే ఆపరేషన్ లేని వాళ్లకే నొప్పి తక్కువ.

సిక్కోలు నర్సు: ఒక మాట. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మనిషి కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) చూపించకుండా నొప్పి మాత్రలు వాడించొద్దు, బెల్టు వేసినా ఆపరేషన్ అయినా. తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కవిటి కుర్రోడు: ఎమ్మారైకి సోమవారం రమ్మన్నారు. అంతవరకూ బెల్టుతోనే ఉంచుతాం.

పలాస జీడిపప్పు: నాకింకా నమ్మకం లేదు. బెల్టు పెట్టి నిలబెట్టి ఎక్స్‌రే తీయించండి, వీపు ఇంకా ఒంగిందని తేలితే ఫిజియో గారు కూడా స్క్రూలే అంటారు.

గజపతినగరం ఫిజియో: అంటాను. ఒంగకపోతే మీరేమంటారు?