ప్రవర్తనా నియమావళి సరే, విచారించేది ఎవరు? (మారుపేర్లతో నలుగురి చర్చ)

తీర్మానం నంబరు
స్థానిక సంస్థల సభ్యులకు, అధికారులకు ప్రవర్తనా నియమావళి ఉండాలంటే పైకి కాదనేవాళ్లు తక్కువ. పేచీ అంతా మీరినవాళ్లను విచారించేది ఎవరన్న దగ్గరే. పాలకవర్గం వేసుకున్న కమిటీయా, బయటివాళ్లా? నా మొగ్గు బయటివాళ్ల వైపే.

ఓటరు చీటీ
అసలు నియమావళే ఎందుకండీ? లంచానికి చట్టం ఉంది. జనం గెలిపించినవాణ్ణి ఎవరూ ఎన్నుకోని కమిటీ పక్కన పెడతానంటే ఎలా?

పాత దస్త్రం
లంచం వేరు, ఇది వేరు. కౌన్సిలర్ బావమరిది టెండరు వేశాడు, కౌన్సిలర్ దానికి చెయ్యెత్తాడు. డబ్బు చేతులు మారిన ఆధారం లేకపోతే లంచం కేసు నిలవదు. అక్కడ పనికొచ్చేది నియమావళే: అంశం చర్చకు రాగానే సంబంధం చెప్పాలి, ఓటు వేయకూడదు, గది వదిలి వెళ్లాలి. ఈ మూడోదే కీలకం. ఎదురుగా కూర్చుని తోటి సభ్యుల మొహాల్లోకి చూస్తుంటే ఓటు వేయకపోయినా పని అయిపోతుంది. కాలిఫోర్నియాలో కొద్దిపాటి మినహాయింపులు తప్పితే లేచి వెళ్లాల్సిందే. సమావేశం రికార్డులో, అదే మినిట్స్‌లో, "పాల్గొనలేదు" అంటే చాలదు. అంశం నంబరు, సంబంధం ఏమిటి, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు అన్నీ రాయాలి.

ఇంకోటి, "కుటుంబం" అంటే ఎవరో రాసుకోవాలి. అదే కాలిఫోర్నియా చట్టంలో కుటుంబమంటే జీవిత భాగస్వామి, పోషణలో ఉన్న పిల్లలే. పైన చెప్పిన బావమరిది అందులోంచి హాయిగా జారిపోతాడు.

కోరం గంట
తొమ్మిది మంది సభ్యులు, కోరం, అంటే నిర్ణయానికి ఉండాల్సిన కనీస సంఖ్య, అయిదు. అయిదుగురికి సంబంధం ఉందనుకోండి, మిగిలేది నలుగురే. అంశం ఆగిపోతుంది. దీనికి దారి ముందే రాసుకోవాలి: సంబంధం ఉన్నవాళ్లలోంచి చీటీ తీసి, కోరానికి తక్కువైన ఒక్కరినే లోపలికి పిలవాలి. ఎవరిని పిలవాలో అధ్యక్షుడికి వదిలేస్తే మొదటికే మోసం.

ఓటరు చీటీ
ఇదంతా ఒప్పుకుంటాను. శిక్ష సంగతి చెప్పండి.

తీర్మానం నంబరు
ఇంగ్లండ్‌ను చూడండి. 2011 లోకలిజం చట్టం ప్రకారం ఎన్నికైన 28 రోజుల్లో ఆర్థిక ప్రయోజనాలు తెలపాలి. సరైన కారణం లేకుండా దాస్తే నేరం. కానీ సభ్యుణ్ణి సస్పెండ్ చేసే అధికారాన్ని అదే చట్టం తీసేసింది. నోటి దురుసుకూ, సిబ్బందిని బెదిరించడానికీ మిగిలింది తప్పుపడుతూ తీర్మానం చేయడం, కమిటీల నుంచి తప్పించడం లాంటివే. అందుకే 2019లో అక్కడి ప్రభుత్వానికి సలహాలిచ్చే ప్రజాజీవిత ప్రమాణాల కమిటీ ఆరు నెలల దాకా సస్పెన్షన్ ఉండాలని సిఫారసు చేసింది. పదవి నుంచి దించమనలేదు, గమనించండి.

పాత దస్త్రం
న్యూయార్క్ నగరంలో ఇలాంటి ఉల్లంఘనలు చూడ్డానికి అయిదుగురి బోర్డు ఉంది. మేయర్ పదవి నాలుగేళ్లు, బోర్డు సభ్యులది ఆరేళ్లు, అదీ విడతలవారీగా ముగుస్తుంది. అందుకే మేయర్ మారగానే బోర్డు మొత్తం మారిపోదు. ఒక్కో ఉల్లంఘనకు 25,000 డాలర్ల దాకా జరిమానా వేయగలదు. నగరంతో వ్యాపారం చేసేవాళ్ల నుంచి 50 డాలర్లు, ఆపైన విలువైన బహుమతి తీసుకోకూడదు. ఒకరే పన్నెండు నెలల్లో ఇచ్చినవన్నీ కలిపి లెక్కేస్తారు. ఆ కూడిక లేకపోతే యాభై కాస్తా ఇరవై, ఇరవై, ఇరవైగా వస్తుంది.

కోరం గంట
చిన్న సంస్థకు అంత బోర్డు మోయలేని భారం. నాలుగైదు కలిసి ఒక విచారణాధికారిని పెట్టుకోవచ్చు. అయితే జీతం ఏ ఒక్క పాలకవర్గం ఇష్టానా ఆగకూడదు. ఎన్నికల ముందు వచ్చే ఫిర్యాదుల మాటేమిటి? ప్రాథమిక పరిశీలనలో పస ఉందని తేలేదాకా పేర్లు బయటపెట్టొద్దు.

ఓటరు చీటీ
పస ఉందో లేదో తేల్చడానికి గడువు కూడా రాయండి. లేకపోతే ఎన్నికలయ్యేదాకా ఫైలు పరిశీలనలోనే ఉంటుంది.